ఆదివాసుల ఆత్మబంధువు – హైమండార్ఫ్

మానవుడు తోటి మానవుణ్ణి తెలుసుకోవడానికి చేసే ప్రయత్నమే మానవశాస్త్రం. ఒక సమూహం ఏమి తింటుంది, ఎవరిని బంధువులుగా భావిస్తుంది, భూమిని ఏ విధంగా పంచుకుంటుంది, ఏ దేవతను కొలుస్తుంది, పిల్లలకు ఏ కథలు చెబుతుంది అనే విషయాలను పరిశీలించి, వాటి మధ్య గల సంబంధాన్ని వివరించడం ఈ శాస్త్రం చేసే పని. గ్రంథాలయంలో కూర్చుని పూర్తి చేయదగిన పని కాదిది. ఆ ప్రజల మధ్య నివసించాలి, వారి భాష నేర్వాలి, వారి కష్టసుఖాలను కళ్ళారా చూడాలి. ఆ విధంగా నల్లమలలో, పాపికొండలలో, ఆదిలాబాదు అడవులలో నివసించి, అక్కడి ఆదివాసుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన మహనీయుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. తెలుసుకున్నదానిని పుస్తకాలలో భద్రపరచి ఆయన ఊరకుండలేదు. ఆ ప్రజల భూమి కోసం, చదువు కోసం పాటుపడ్డాడు. అందువల్లనే ఎక్కడో ఐరోపాలో పుట్టిన ఆయన పేరు గోండు గూడేలలో నేటికీ నిలిచి ఉంది.

హైమండార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరంలో ఒక ఉన్నత వంశంలో జన్మించాడు. విద్యార్థి దశలో రవీంద్రనాథ టాగూరు ప్రభావం ఆయనపై గాఢంగా పడింది. భారతదేశం పట్ల ఆసక్తి ఆనాడే మొలకెత్తింది. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, అస్సాం, వాయవ్య బర్మా ప్రాంతాల కొండజాతుల సామాజిక వ్యవస్థను గురించి పరిశోధన చేసి డాక్టరేటు పట్టం పొందాడు. ఆ సిద్ధాంత వ్యాసం రాసేనాటికి ఆయన ఆ కొండజాతులను చూడనే లేదు. ఇతరులు రాసిన గ్రంథాలే ఆయనకు ఆధారాలు.

ఆ కాలంలో మానవశాస్త్రం ఒక పెద్ద మలుపు తిరిగింది. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో చాలాకాలం నివసించి, అక్కడి ప్రజల భాష నేర్చి, 1922లో ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. పరిశోధకుడు తాను వర్ణించే ప్రజల నడుమ జీవించి తీరాలనే నియమం ఆ గ్రంథంతో బలపడింది. హైమండార్ఫ్ రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన వేతనంతో లండన్ వెళ్ళి, మాలినోవ్‌స్కీ వద్ద ఈ పద్ధతిని ఆకళించుకున్నాడు. 1936లో భారతదేశానికి వచ్చి, నాగా కొండలలో కోన్యాక్ నాగాల మధ్య నివసించాడు. పుస్తకాలలో చదివిన కొండజాతులు ఇప్పుడు ఆయనకు పేర్లతో, ముఖాలతో, నవ్వులతో, తగాదాలతో సజీవంగా కనిపించారు. ఈ అనుభవం ఆయన జీవితగమనాన్ని నిర్ణయించింది.

1938లో ఆయన ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడాడు. అందరూ ఆమెను బెట్టీ అని పిలిచేవారు. బెట్టీ భర్త వెంట అడవులు తిరగడమే గాక, ఆయన పరిశోధనలో సమభాగస్వామిగా నిలిచింది. విడిదుల నిర్వహణ మొదలు స్త్రీలతో సంభాషించి విషయాలు సేకరించడం వరకు అనేక బాధ్యతలు ఆమెవే. అనంతర కాలంలో దక్షిణాసియా మానవశాస్త్ర రచనలకు ఆమె ఒక బృహత్తరమైన గ్రంథసూచిని కూర్చింది. హైమండార్ఫ్ కృషిని గురించి చెప్పేటప్పుడు బెట్టీని విడదీసి చెప్పడానికి వీలులేదు.

1939లో ఆ దంపతులు తిరిగి భారతదేశం చేరారు. ఆ సెప్టెంబరులోనే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియాను అంతకు ముందు సంవత్సరమే జర్మనీ ఆక్రమించినందువల్ల హైమండార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వ దృష్టిలో ఆయన శత్రుదేశీయుడయ్యాడు. స్వేచ్ఛగా సంచరించే అవకాశం పోయింది. హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటరాదన్న నిర్బంధానికి ఆయన లోబడవలసి వచ్చింది. అయితే నిజాం ప్రభుత్వంలోని అధికారులు ఆయన విద్వత్తును గుర్తించి, సంస్థానంలోని ఆదివాసులను గురించి పరిశోధన చేయడానికి అనుమతించారు. ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ బాధ్యతలు వహించిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ స్వయంగా బస్తరు మారియా గోండులను గురించి గ్రంథం రాసిన పండితుడు. ఆయన ప్రోత్సాహం హైమండార్ఫ్‌కు లభించింది. యుద్ధం విధించిన నిర్బంధం ఈ విధంగా తెలుగునాట మానవశాస్త్రానికి మేలు చేసింది.

హైమండార్ఫ్ మొదట 1940లో కృష్ణానదికి ఉత్తరాన, నల్లమల అడవిలోని అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య నివసించాడు. చెంచులు మాట్లాడేది తెలుగే. కాని వారి జీవనం మైదాన ప్రాంతాల తెలుగువారి జీవనానికి పూర్తిగా భిన్నం. ఇనుప మొన గల కర్రతో నేలను తవ్వి దుంపలు సేకరించడం, పండ్లు, ఇప్పపూలు ఏరుకోవడం, విల్లంబులతో వేటాడడం, నిటారైన కొండ చరియలకు తాళ్ళు కట్టుకుని దిగి తేనె తీయడం వారి వృత్తులు. వారి చిన్న చిన్న ఆవాసాలను పెంటలు అంటారు. బయటినుండి చూసేవారికి ఆ అడవి అంతా ఎవరికీ చెందని ప్రదేశంగా కనిపిస్తుంది. కాని ఏ కొండ, ఏ వాగు ఏ బంధువర్గానికి చెందినదో చెంచులకు స్పష్టంగా తెలుసునని హైమండార్ఫ్ గ్రహించాడు. ఆస్తి కూడబెట్టుకోవడమనే ఆలోచన వారిలో బలపడలేదనీ, స్త్రీపురుషుల మధ్య చెప్పుకోదగిన సమానత్వం ఉన్నదనీ గమనించాడు. వ్యవసాయం రాకపూర్వం మానవులు ఎలా జీవించి ఉంటారో ఊహించడానికి చెంచుల జీవితం తోడ్పడుతుందని ఆయన భావించాడు. ఈ పరిశోధన ఫలితంగా 1943లో ‘ది చెంచూస్’ అనే గ్రంథం వెలువడింది.

పిమ్మట ఆయన గోదావరి తీరానికి వెళ్ళి పాపికొండలలోని కొండరెడ్లను పరిశీలించాడు. కొండరెడ్లు పోడు వ్యవసాయం చేస్తారు. కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిద సారంతో జొన్న వంటి పంటలు పండించి, నేల సారం తగ్గగానే దానిని బీడు వదిలి మరొక చోటికి తరలుతారు. కలప, వెదురు వ్యాపారులు అడవిలో ప్రవేశించిన తరువాత వీరి స్థితి దిగజారింది. అప్పు ఇచ్చి, ఆ అప్పు తీరేవరకు చాకిరీ చేయించుకోవడం సాధారణమైంది. అప్పు ఎంత, తీరినదెంత అనే లెక్క వ్యాపారి పుస్తకంలో ఉండేది. చదువురాని కొండరెడ్డికి ఆ పుస్తకంలో ఏమున్నదో తెలిసే మార్గం లేదు. 1945లో వెలువడిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ గ్రంథంలో హైమండార్ఫ్ వారి ఆచారాలతోపాటు బయటి ప్రపంచం తాకిడికి వారు లోనైన తీరును కూడా వివరించాడు.

ఆయన జీవితంలో అత్యంత ప్రధానమైన ఘట్టం ఆదిలాబాదు జిల్లాలోని గోండులతో ముడిపడి ఉంది. గోండులు ఒకప్పుడు రాజ్యాలు ఏలినవారు. నాగలితో సేద్యం చేసే రైతులు. వారి సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలకు చెందిన శాఖలుగా విభజింపబడి ఉంటుంది. ఒకే శాఖకు చెందినవారు పరస్పరం సోదరులతో సమానం కనుక వారి మధ్య వివాహ సంబంధం కుదరదు. ప్రధానులు అనే గాయకులు కిక్రీ అనే తంత్రీవాద్యం వాయిస్తూ ఆయా వంశాల పురాణగాథలను తరతరాలుగా గానం చేస్తున్నారు. లిపిబద్ధం కాని ఆ సాహిత్యమే గోండుల చరిత్ర, ధర్మశాస్త్రం, వేదం. హైమండార్ఫ్ గోండి భాష నేర్చుకుని, ఆ గాథలను ప్రధానుల నోట విని రాసుకున్నాడు. దండారి నృత్యాలను, కేస్లాపూరులో పుష్యమాసంలో జరిగే నాగోబా జాతరను పరిశీలించాడు. 1948లో వెలువడిన ‘ది రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ ఈ శ్రమకు ఫలితం.

అయితే ఆయన గోండులను చేరే సమయానికి ఆ అడవిలో రక్తం చిందింది. దీనికి కారణం తెలుసుకోవాలంటే అక్కడి భూమి వ్యవహారం తెలియాలి. గోండులలో అధిక సంఖ్యాకులు ప్రభుత్వ భూమిని శిస్తు కట్టి సాగు చేసుకునేవారే గాని, వారికి పట్టాలు లేవు. శివాయి జమాబందీ అని పిలిచే ఈ పద్ధతిలో సాగుదారుకు శాశ్వతమైన హక్కు ఉండదు. మెట్టప్రాంతపు తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, కొన్నేళ్ళు బీడుగా వదలడం గోండులకు అలవాటు. అటవీశాఖ సరిహద్దులు గీసినప్పుడు బీడుగా ఉన్న ఆ పొలాలు అడవిలో కలిసిపోయాయి. మరోవైపు రోడ్లు పడిన కొద్దీ మైదానాల నుండి వచ్చినవారు పలుకుబడి ఉపయోగించి మంచి నల్లరేగడి భూములకు పట్టాలు పొందారు. తాతముత్తాతలు దున్నిన పొలంలోనే గోండు రైతు కౌలుదారుగా, కూలివాడుగా మారాడు. తిరిగి దున్నబోతే నేరస్థుడయ్యాడు. జరిమానాలు పడ్డాయి, గుడిసెలు నేలమట్టమయ్యాయి.

ఈ అన్యాయాన్ని ఎదిరించి కుమ్రం భీం నాయకత్వంలో గోండులు పోరాటానికి పూనుకున్నారు. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసులు జరిపిన కాల్పులలో భీం, ఆయన సహచరులు అమరులయ్యారు. తిరుగుబాటును తుపాకితో అణచిన ప్రభుత్వం ఆ తరువాత దాని కారణాలు తెలుసుకోవాలని తలచింది. గోండుల స్థితిగతులు పరిశీలించే బాధ్యత హైమండార్ఫ్‌కు అప్పగించింది.

ఇది కత్తిమీద సాము వంటి పని. భీం ప్రాణాలు తీసిన ప్రభుత్వం తరఫున వచ్చినవానిని గోండులు నమ్మడం ఎలా? పరాయిదేశంలో నిర్బంధంలో ఉన్న మనిషి ప్రభుత్వానికి అప్రియమైన సత్యం చెప్పడం ఎలా? హైమండార్ఫ్ ఈ రెండు చిక్కులకూ ఒకే మార్గం ఎంచుకున్నాడు. బెట్టీతో కలిసి మార్లవాయి అనే గోండు గూడేన్నే తమ నివాసం చేసుకున్నాడు. గూడేలు తిరిగి, ఎవరి పొలం ఏనాడు ఎలా పోయిందో రైతుల నోటనే విన్నాడు. గోండుల ఆందోళనకు కారణం వారి స్వభావంలో లేదనీ, భూమిని కోల్పోవడమే అందుకు మూలమనీ, పట్టాలు ఇచ్చి వారి భూమిని కాపాడనిదే అక్కడ శాంతి నెలకొనదనీ ప్రభుత్వానికి నివేదించాడు. ఆయన నివేదికలు నాలుగు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ అనే పేరుతో అచ్చయ్యాయి. తమ పాలనలోని లోపాలను చూపిన ఆ నివేదికలను ప్రభుత్వమే ప్రచురించడం గమనింపదగిన విషయం.

ఆ నివేదికలు ఆచరణకు దారితీశాయి. 1940వ దశకంలో ఆదిలాబాదు జిల్లాలో గోండులు, కోలాములు మొదలైన ఆదివాసులకు లక్షకు పైగా ఎకరాల భూమిపై పట్టాలు లభించాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఆరంభమైంది. అప్పటికి గోండులలో చదువు వచ్చినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మందే. కొద్దిగా మరాఠీ చదవగలిగిన యువకులను ఎంపిక చేసి, వారినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండి భాషకు దేవనాగరి లిపిని వినియోగించి వాచకాలు తయారు చేశారు. పిల్లవాడు ఇంట మాట్లాడే భాషలోనే తొలి అక్షరాలు నేర్వాలన్నది ఈ ప్రణాళికకు మూలసూత్రం. ఆ కేంద్రం నుండి ఉపాధ్యాయులే గాక గ్రామాధికారులు, ప్రభుత్వోద్యోగులు కూడా తయారయ్యారు. అప్పుపత్రం చదువుకోగలిగిన గోండును మోసగించడం అంతకు ముందువలె సులభం కాలేదు.

మధ్యలో 1944-45 సంవత్సరాలలో ఆయన నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రభుత్వాధికారిగా వెళ్ళి ఆపతానీలను పరిశీలించాడు. శత్రుదేశీయునిగా ముద్రపడినవానికే సరిహద్దు ప్రాంతపు బాధ్యతలు అప్పగించడం ఆయన పట్ల ప్రభుత్వానికి ఏర్పడిన విశ్వాసానికి నిదర్శనం. తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేస్తూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా బోధించాడు. గిరిజన ప్రాంతాల రక్షణకు హైదరాబాదు సంస్థానంలో రూపొందిన చట్ట నిబంధనలలో ఆయన సూచనల ప్రభావం ఉంది. కేస్లాపూరు జాతరలో అధికారులు ఆదివాసుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ దశకంలోనే, ఆయన చొరవతో మొదలైంది.

అనంతరం ఆయన లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ఆసియా మానవశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1953 నుండి నేపాల్‌లో పరిశోధనలు జరిపి, షెర్పాలను గురించి 1964లో ప్రసిద్ధ గ్రంథం ప్రకటించాడు. 1976లో పదవీ విరమణ చేశాడు. ఆ వయస్సులో విశ్రాంతి కోరుకోవడం సహజం. కాని ఆయన మళ్ళీ ఆదిలాబాదు అడవుల దారి పట్టాడు. మూడు దశాబ్దాలకు పూర్వం తాను చూసిన గూడేలను తిరిగి చూడాలని, నాటి పట్టాలు ఏమయ్యాయో తెలుసుకోవాలని ఆయన సంకల్పం.

అక్కడ కనిపించిన దృశ్యం ఆయనను కలచివేసింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1959లో నిబంధనలు వచ్చాయి. 1970లో వాటిని మరింత కట్టుదిట్టం చేశారు. అయినా అనేక గూడేలలో సారవంతమైన భూములు బయటివారి చేతికి చేరాయి. మాతృభాషలో బోధన క్రమంగా అడుగంటింది. చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన భూమి రైతు చేతిలో ఉండదని స్పష్టమైంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం సభకు తరలివచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరపడం, జోడేఘాట్ నాటి సమస్య నాలుగు దశాబ్దాల తరువాత కూడా తీరలేదని చాటింది. 1982లో హైమండార్ఫ్ ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథం వెలువరించాడు. మనుగడ కోసం సాగే పోరాటం అని దానికి ఉపశీర్షిక పెట్టాడు. తాను భాగస్వామియైన సంస్కరణలు ఎక్కడ నిలిచాయో, ఎక్కడ కూలిపోయాయో ఆయన దాచకుండా రాశాడు.

హైమండార్ఫ్ కృషిని విమర్శనాత్మకంగా పరిశీలించినవారూ ఉన్నారు. ఆదివాసులను బయటి ప్రపంచం నుండి కాపాడవలసినవారుగానే చూసే దృష్టి, తమ హక్కులను తామే సాధించుకోగల వారి శక్తిని తక్కువగా అంచనా వేస్తుందన్నది ఒక వాదం. నిజాం ప్రభుత్వం మరొక తిరుగుబాటు రాకుండా ఉండేందుకే సంస్కరణలు చేపట్టిందన్నది మరొక వాదం. ఈ మాటలలో సత్యం లేకపోలేదు. భీం, ఆయన సహచరులు ప్రాణాలు అర్పించి ఉండకపోతే ప్రభుత్వం గోండుల గోడు వినేదే కాదు. పోరాటం తలుపు తెరిచింది. ఆ తలుపు మూసుకుపోక ముందే పట్టాలను, పలకలను లోనికి చేర్చడానికి హైమండార్ఫ్ శ్రమించాడు.

మానవశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టే విద్యార్థులకు ఆయన గ్రంథాలు ఉత్తమమైన ప్రవేశద్వారాలు. నిర్వచనాలతో, సిద్ధాంతాలతో ఆరంభించే పుస్తకాలకంటే ఒకే ఒక సమూహాన్ని సమగ్రంగా వర్ణించే గ్రంథంతో చదువు మొదలుపెట్టడం మేలు. వావివరుసలు, ఆస్తి, మతం అనే మాటలకు అర్థం అటువంటి గ్రంథంలో మనుషుల నడవడి ద్వారా బోధపడుతుంది. ముందుగా చెంచులను గురించిన గ్రంథం చదివితే, వ్యవసాయం లేని సమాజం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. తరువాత రాజ్‌గోండుల గ్రంథం చదివితే, భూమి చేతికి వచ్చిన సమాజంలో వంశం, దేవత, పండుగ ఎలా పెనవేసుకుంటాయో అర్థమవుతుంది. చివరగా 1982 నాటి గ్రంథం చదివితే, ఏ సమాజమూ నిలిచిన నీరు కాదని, బయటి చట్టం, బజారు, రోడ్డు దానిని మారుస్తాయని విశదమవుతుంది. మొదటి పుస్తకానికీ చివరి పుస్తకానికీ మధ్య నలభై సంవత్సరాలు గడిచాయి. ఆ నలభై ఏళ్ళలో ప్రజలు మారిన తీరుతోపాటు, వారిని చూసే రచయిత దృష్టి పదునెక్కిన తీరునూ చదువరి గుర్తించగలడు.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె భౌతికకాయాన్ని మార్లవాయికి తరలించి, గోండులు తమవారిలో ఒకరిగా భావించి ఖననం చేశారు. 1990లో హైమండార్ఫ్ ఆత్మకథ వెలువడింది. 1995లో ఆయన లండన్‌లో మరణించాడు. 2012లో ఆయన అస్థికలను మార్లవాయికి తెచ్చి బెట్టీ సమాధి పక్కనే నిక్షేపించారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, రాసుకున్న క్షేత్రదినచర్యలు లండన్‌లో ఆయన పనిచేసిన సంస్థలో భద్రంగా ఉన్నాయి. 2016లో తెలంగాణ రాష్ట్రంలో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మార్లవాయి, కుమ్రం భీం పేరుతో ఏర్పడిన జిల్లాలో చేరింది. అడవి హక్కు కోసం ప్రాణమిచ్చిన వీరుని పేరు గల జిల్లాలోనే, ఆ హక్కును అక్షరాలలో నిరూపించిన ఆ దంపతుల సమాధులు ఉన్నాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వారికి నివాళి అర్పిస్తారు.